అరవై దాటాక పెన్సిలు పట్టాను

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



“పదవీ విరమణ తరువాత నా వ్యాపకం” అన్న అంశంపై పది నిముషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను 33 ఏళ్లు జమాఖర్చుల సెక్షనులో పనిచేసినవాణ్ణి. అంకెలు వేయడం తప్ప బొమ్మ గీసిన పాపాన పోలేదు. అటువంటివాణ్ణి 61వ ఏట పెన్సిలు చెక్కుకొని డ్రాయింగు నేర్చుకోవడానికి బయలుదేరితే మా మనవడు, “తాతయ్యా, నీకూ హోంవర్కు ఇస్తారా?” అని అడిగాడు. ఇచ్చారు. రెండున్నరేళ్లు ఇచ్చారు.

మా మాస్టారు హైస్కూలులో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైనవారు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను వెళ్లిన మొదటి రోజునే “మనిషి ముఖం గీయడం నేర్పండి” అన్నాను. ఆయన నవ్వి నా ముందు ఒక మట్టికుండ పెట్టారు. మూడు నెలలు ఆ కుండే. తరువాత కోడిగుడ్డు. తెల్లని గుడ్డు మీద ఒకవైపు నుంచి దీపం పడితే వెలుగు ఎక్కడ ఆగుతుంది, నీడ ఎక్కడ మొదలవుతుంది, కింద గుడ్డ మీది వెలుతురు తిరిగి ఆ నీడలోకి ఎలా వస్తుంది అన్నది చూడమనేవారు. ఆ తరువాత ఒక ఫ్రెంచి పాఠ్యగ్రంథంలోని ప్లేట్లకు నకళ్లు తీయించారు. ఛార్లెస్ బార్గ్ అనే ఆయన జెరోమ్ అనే చిత్రకారునితో కలిసి తయారుచేసిన ఆ పాఠాలు 1866-71 మధ్య ప్యారిస్‌లో వెలువడ్డాయి. మొత్తం 197 ప్లేట్లు. అంతటి వాన్‌గో కూడా చిత్రకళ మొదలుపెట్టిన రోజుల్లో ఈ పాఠాలను చూసి గీసుకున్నాడని విన్నప్పుడు నా విసుగు కొంత తగ్గింది.

ఈ పద్ధతిలో గీత కంటే కొలతే ముందు. చేయి మోచేతి దగ్గర వంచకుండా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలు జరిపి కొలవాలి. తాపీమేస్త్రి గోడ నిటారుగా ఉన్నదీ లేనిదీ చూడటానికి దారానికి గుండు కట్టి వదులుతాడు కదా, మేమూ అదే చేస్తాం. ఆ దారం కంటికొస నుంచి పెదవి మూలకు ఎక్కడ దిగుతుందో గమనిస్తాం. కొత్తవారందరూ చేసే తప్పు నేనూ చేశాను. కళ్లను నుదుటి దగ్గర పెట్టేశాను. నిజానికి నడినెత్తి నుంచి గడ్డం వరకు కొలిస్తే కళ్లు సరిగ్గా సగంలో ఉంటాయి. రెండు కళ్ల మధ్య ఇంకొక కన్ను పట్టేంత ఎడం ఉంటుంది. ఇంటికి వెళ్లి అద్దంలో కొలుచుకోండి, నమ్మకం కుదురుతుంది.

ఇక సరంజామా స్వల్పమే. పెన్సిళ్లలో సీసం లేదని నాకు ఆ వయసులో తెలిసింది. గ్రాఫైటును బంకమట్టితో కలిపి కాల్చే పద్ధతిని 1795లో ఫ్రాన్సులో కాంటే కనిపెట్టాడు. మట్టి పాలు ఎక్కువైతే హెచ్ రకం గట్టి పెన్సిలు, తక్కువైతే బి రకం మెత్తనిది. దానితోపాటు నల్లసుద్ద, జేగురురంగు సుద్ద, తెల్లసుద్ద. కాగితం తెల్లనిది కాదు, బూడిదరంగుదో లేత గోధుమరంగుదో. అందులోనే ఉంది కిటుకంతా. నీడకు నలుపు, వెలుగుకు తెలుపు, మధ్యస్థాయిని కాగితమే మోస్తుంది. తెల్లసుద్ద నుదుటి మీద, ముక్కు కొన మీద నాలుగైదు చోట్ల మాత్రమే తాకించాలి. అది పెన్సిలు నలుపుతో కలిసిందా, మసిబారిన నీలిరంగు వచ్చి ముఖం జబ్బుపడినట్టు కనిపిస్తుంది. “తెలుపు అంటే నీ ఖజానా. పొదుపుగా ఖర్చుపెట్టు” అనేవారు మాస్టారు. ఆ భాష నాకు బాగా అర్థమయ్యేది.

ఒకసారి ఆయన నన్ను రాజమండ్రి తీసుకువెళ్లి దామెర్ల రామారావుగారి చిత్రశాల చూపించారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న కూల్‌డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్లి చదువుకున్నారు రామారావుగారు. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూశారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. నేనేమో అరవై దాటాక కుండ గీస్తున్నాను. ఆ గదిలో నిలబడి సిగ్గుపడ్డాను. మాస్టారు మాత్రం, “ఆయనకు వ్యవధి లేదు, నీకుంది. వాడుకో” అన్నారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మూడేళ్ల క్రితం మన సంఘ సభ్యుడొకరు కాలం చేశారు. పేరు చెప్పను. ఆయనా నేనూ 19 ఏళ్లు ఎదురెదురు బల్లల దగ్గర పనిచేశాం. పెన్షను కాగితాల కోసం దంపతులిద్దరూ తీయించుకున్న జాయింటు ఫోటో ఉంటే, అందులో ఆయన సగాన్ని గళ్లు గీసి పెద్దది చేసి, నెల రోజులు కష్టపడి బొమ్మ వేసి, ఫ్రేము కట్టించి పట్టుకువెళ్లాను. ఆవిడ చాలాసేపు చూశారు. “బాగుందండీ అన్నయ్యగారూ. అచ్చం ఫోటోలాగే ఉంది” అన్నారు. కాసేపాగి, “ఈయనకు ఎడమకంటి రెప్ప కొంచెం వాలి ఉండేది కదండీ. స్టూడియో అబ్బాయి టచప్పులో సరిచేసేశాడు” అన్నారు.

నేను తల దించుకున్నాను. 19 ఏళ్లు ఎదురుగా కూర్చున్న మనిషి రెప్ప వాలి ఉండేదని నాకు తెలియదు. ఆయన సంతకం మాత్రం ఈనాటికీ ఏ కాగితం మీదున్నా గుర్తుపడతాను. లెడ్జరులో తప్పు దొరికితే వోచరు తీసి దిద్దుకోవచ్చు. ఇక్కడ తప్పు తెలిసింది, దిద్దుకోవడానికి ఎదురుగా మనిషి లేడు. ఆవిడ చెప్పినట్టు రెప్ప వాల్చి చూశాను. ఎంత వాల్చాలో తెలియలేదు. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం నూగు లేచింది కానీ ఆ చూపు రాలేదు. ఫ్రేములో ఉన్న మొదటి బొమ్మే ఆ ఇంట్లో ఉంది. ఇప్పటికీ వెళ్లినప్పుడు నేను అటు చూడను.

అప్పటి నుంచి ఫోటో చూసి గీయడం మానేశాను. ఎదుట కూర్చున్న మనిషినే గీస్తున్నాను. ముందుగా మా ఆవిడను కూర్చోబెట్టాను. “కదలకుండా కూర్చోవడం నా వల్ల కాదు” అని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. ముఖం కిందికి వంచే గీశాను. నుదుటి మీద చిన్న మచ్చ ఒకటుంది. ఎప్పటిదని అడిగితే, పెళ్లికి ముందుదేనట.

సోదరులారా, నాది ఒక విన్నపం. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం తొమ్మిది గంటల నుంచి నేను మన సంఘ భవనంలో కిటికీ పక్కన బోర్డు పెట్టుకొని కూర్చుంటాను. మీలో ఒక్కొక్కరు వచ్చి రెండు గంటలు కూర్చోండి. ప్రతి అరగంటకు లేచి నడుము చాచుకోవచ్చు, టీ కూడా ఉంటుంది. పైకం అక్కరలేదు. పోలిక కుదురుతుందని హామీ ఇవ్వలేను, శ్రద్ధగా చూస్తానని మాత్రం ఇస్తాను. మనం బ్రతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తూనే ఉన్నాం. దానికి ఇది అనుబంధంగా ఉంటుంది. నేర్చుకోదలచినవారు కుండ తెచ్చుకుంటే చాలు.