చేతిలోకి తీసుకోకుండా చెప్పిన తీర్పు

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీకు తెలిసిన విషయం మీద పది నిమిషాలు మాట్లాడు" అన్నారు నిర్వాహకులు. నాకు బాగా తెలిసింది ఒక్కటే, బొమ్మలు. సైన్స్ ఫిక్షన్ కథల్లోని వీరుల బొమ్మలు, యాక్షన్ ఫిగర్లు అంటారు కదా, వాటిని పదిహేనేళ్లుగా సేకరిస్తున్నాను. ఈ వయసులో బొమ్మలాటేమిటని ఇంట్లో రోజూ అడుగుతూనే ఉన్నారు. దానికి జవాబు ఈ బడిలోనే ఉంది.

1990లలో మాట. మా క్లాసులో ఒకడికి వాళ్ల చిన్నాయన హైదరాబాద్ నుంచి జి.ఐ. జో సైనికుడి బొమ్మ తెచ్చిండు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. మోచేతులు వంగుతాయి, మోకాళ్లు మడుస్తాయి, నడుము తిరుగుతుంది. కొత్తకోటలో మేమెవరం అలాంటిది చూసి ఎరగం. క్లాసంతా వాడి చుట్టూ మూగింది.

నాకు కుళ్లు పుట్టింది. మా అన్న ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులో కొన్న పాత అమెరికన్ కామిక్ ఒకటి మా ఇంట్లో ఉండె. అందులో అదే సైనికుడి బొమ్మ ఉంది, కానీ బట్టల రంగు వేరు. మర్నాడు ఆ పుస్తకం తెచ్చి అందరి ముందు విప్పి, "చూడున్రి, వీనిది డూప్లికేట్" అన్నాను. అందరూ నవ్విన్రు. వాడు బొమ్మను జేబులో పెట్టుకున్నడు. మళ్లీ ఎప్పుడూ బడికి తేలేదు. నాతో సరిగ్గా మాట్లాడనూ లేదు.

సైన్స్ సార్‌కు సంగతి తెలిసి నన్ను పిలిచిన్రు. కొడతారనుకున్నాను. కొట్టలేదు. "నువ్వు దాన్ని చేతిలోకి తీసుకొని చూసినవా?" అని మాత్రం అడిగిన్రు. నేను చూడలేదు.

చేతిలోకి తీసుకుంటే ఏం చూడాలో ఇప్పుడు చెబుతాను. మొదట బొమ్మను బల్ల మీద నిలబెట్టాలి. ఆసరా లేకుండా రెండు కాళ్ల మీద నిలబడాలి. తర్వాత ఒక్కో కీలును మెల్లగా కదిపి చూడాలి. ఎక్కడ వదిలితే అక్కడ ఆగాలి. ఒక భుజం బిగుతుగా, ఇంకోటి వదులుగా ఉంటే పనితనంలో లోపమన్నట్టే. ఆ తర్వాత రంగు. రెండు రంగులు కలిసే చోట గీత తేటగా ఉందా, కళ్లు సమంగా పడ్డాయా, కీలు కదిపినప్పుడు పూత రాలుతుందా చూడాలి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట అంచు వేలికి తగలకూడదు. కొండపల్లి బొమ్మను చూసినా అంతే. ముక్కలను చింతగింజల మక్కుతో అతికిన చోటనే పనివాడి చేయి తెలుస్తుంది.

వీపు మీదో, కాలి మీదో సన్నని అక్షరాల్లో ఒక సంవత్సరం ఉంటుంది. చాలామంది అది తయారైన ఏడాది అనుకుంటారు. సాధారణంగా అది ఆ రూపానికి హక్కు నమోదైన ఏడాది. అదే అచ్చుతో చాలా ఏళ్ల తర్వాత కూడా బొమ్మలు పోస్తారు.

ఇంకో సంగతి. అసలుదేనా, బాగా చేసిందేనా, ఎంత పలుకుతుంది అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. 1978లో అమెరికాలో కెన్నర్ కంపెనీ 3.75 అంగుళాల స్టార్ వార్స్ బొమ్మలు తెచ్చింది. అందులో జావా అనే చిన్న బొమ్మకు మొదట ప్లాస్టిక్ అంగీ తొడిగి, అది చౌకగా కనబడుతోందని త్వరలోనే గుడ్డ అంగీకి మార్చారు. ఇప్పుడు ఆ ప్లాస్టిక్ అంగీ జావాకే ఎక్కువ ధర. దొరకడం అరుదు కాబట్టి. అందుకే దానికి నకిలీలూ ఎక్కువే. ధరను చూసి నాణ్యత చెప్పలేం.

పిల్లలకు కొనేటప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ వద్దు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ముందు అది చూడండి.

ఇక నా తీర్పు సంగతి. సేకరణ మొదలుపెట్టాక తెలిసింది. జి.ఐ. జో బొమ్మలను మన దేశంలో ఫన్‌స్కూల్ కంపెనీ హాస్‌బ్రో అనుమతితోనే చేసేది. అచ్చులు అవే, రంగులు మాత్రం చాలావాటికి ఇక్కడివి. అమెరికా రంగులతో కలవకపోవడమే వాటి ప్రత్యేకత. విదేశాల్లో సేకర్తలు వాటిని వెతికి మరీ కొంటారు. నేను డూప్లికేట్ అన్నది అసలుదే.

పోయిన దసరాకు ఊరికొచ్చినప్పుడు వాడి ఇంటికి పోయిన. బొమ్మ ఇంకా ఉందా అని అడిగితే, బీరువాలోంచి ఒక పాత పౌడర్ డబ్బా తెచ్చిండు. అందులో బొమ్మ రెండు ముక్కలై ఉంది. ఆ బొమ్మల నడుమును లోపల ఒక చిన్న రబ్బరు రింగు పట్టి ఉంచుతుంది. ఏళ్లు గడిస్తే రబ్బరు ఎండి తెగుతుంది. "నువ్వన్నది నిజమే అనుకున్న. డూప్లికేట్ కాబట్టే విరిగిందనుకున్న" అన్నడు.

ఇద్దరం మోటార్లు రిపేరు చేసే షాపుకు పోయి, ఆ సైజుకు సరిపోయే రింగు వెతికినం. వీపు మీది ఒక్క స్క్రూ విప్పి, కొత్త రింగు వేసి బిగించిన. సైనికుడు లేచి నిలబడ్డడు. వాడు నవ్విండు గానీ నేను క్షమాపణ అడగలేకపోయిన. అక్కడ మేమిద్దరమే ఉన్నం. నేను అవమానించింది క్లాసు ముందు.

ఈరోజు ఆ క్లాసు చాలావరకు ఇక్కడే ఉంది. వాడు మూడో వరుసలో కూర్చున్నడు, పేరు చెప్పను, మా బ్యాచ్‌కు తెలుసు. అరేయ్, నీ బొమ్మ అసలుదిరా. నేను దాన్ని ముట్టుకోకుండనే చెప్పిన. తప్పు నాది.

సార్, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇన్నేళ్లకు తెచ్చిన. ఇప్పుడు చేతిలోకి తీసుకొని చూసిన సార్.