గడియకుడుక

మా పితామహుల పెట్టెలో దొరకిన రాగిగిన్నె అడుగున సూదిమొన పట్టునంత రంధ్రము కలదు. చిల్లిగిన్నె యని యింటివారు మాటు వేయింప నెంచిరి. మేము వలదని, దానిని తొట్టిలో తేటనీటిపై నుంచితిమి. రంధ్రముగుండ నీరు మెల్లమెల్లగా ఊరి, గిన్నె నిండి, 23 నిమిషములకు బుడుంగున మునిగినది.

24 నిమిషములు ఒక గడియ. అహోరాత్రమునకు 60 గడియలు. ఇది గడియకుడుక! సూర్యసిద్ధాంతము కపాలయంత్రమని వర్ణించిన రాగిపాత్ర యిట్టిదే. పూర్వులు పెండ్లి ముహూర్తమును, శిశుజనన కాలమును దీనితో గణించెడివారు. మా గిన్నె కా నిమిషపు తొందర, తరతరములుగా చింతపండుతో తోమగా రంధ్రము పెద్దదైన ఫలమై యుండును. మాటు పడినచో నది వట్టి గిన్నెయే.

శ్రోతలారా, మీ యింట నిట్టి చిల్లిగిన్నె యున్నచో, మాటు వేయించుటకు ముందు నీటిపై నుంచి గడియారము చూచుకొనుడు.