జేబులోని కొలబద్ద, పరుపులోని అయస్కాంతం

(పెన్షనర్ల దినోత్సవం నాడు మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలుచుకుంటూ మనం ఏటా ఇలా చేరుతున్నాం. ప్రతి ఏడూ డి.ఎ. గురించో, మెడికల్ కార్డుల గురించో మాట్లాడే నన్ను ఈసారి "సెల్‌ఫోను గురించి ఒక పావుగంట చెప్పండి" అని కార్యదర్శిగారు ఆదేశించారు. పొద్దున్నే వాట్సాప్‌లో పువ్వుల బొమ్మలు పంపడం మీకు నాకంటే బాగా వచ్చు కనుక ఆ జోలికి పోను. అదే ఫోను ఒక కొలత సాధనం కూడా అన్న సంగతి, దానివల్ల మా ఇంట్లో బయటపడ్డ ఒక విషయం మనవి చేసుకుంటాను.

నేను రైల్వేలో పర్మనెంట్ వే విభాగంలో ముప్ఫయి మూడేళ్ళు పనిచేశాను. డోర్నకల్లు చుట్టుపక్కల నేను ట్రాలీ తిరగని పట్టా లేదంటే అతిశయోక్తి కాదు. ఆ రోజుల్లో పట్టా పొడవు 13 మీటర్లు. రెండు పట్టాలు కలిసే ప్రతిచోటా చక్రం టక్కుమనేది. 47 సెకన్లలో ఎన్ని టక్కులు వినిపిస్తే బండి గంటకు అన్ని కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. ఇంటికెళ్ళి కాగితం మీద లెక్క వేసి చూడండి, సరిపోతుంది. ఇక స్లీపర్ల కింద ప్యాకింగు వదులైన చోటు తెలుసుకోవాలంటే చివరి పెట్టెలో కూర్చుని కళ్ళు మూసుకోవడమే. వీపుకు తెలిసేది. కిలోమీటరు నంబరు రాసుకుని మర్నాడు గ్యాంగును పంపేవాళ్ళం. ఉద్యోగం పోయింది గాని ఆ వీపు మిగిలింది, నడుంనొప్పితో సహా.

ఆ వీపు చేసే పని ఇప్పుడు బియ్యపుగింజకు మించని ఒక చిప్పు చేస్తోంది. మీ అందరి ఫోనుల్లోనూ అది ఉంది. అడ్డంగా తిప్పితే బొమ్మ అడ్డంగా తిరిగేది దానివల్లే. అందులో సిలికాన్‌తో చేసిన కంటికి కనపడని బరువు ఒకటి, అదే సిలికాన్‌తో చేసిన సన్నటి స్ప్రింగుల మీద వేలాడుతుంటుంది. ఫోను ఉలిక్కిపడితే ఆ బరువు ఒక క్షణం వెనకబడుతుంది. పక్కనున్న పలకలకూ దానికీ మధ్య సందు మారుతుంది. ఆ మార్పు విద్యుత్తులో కనిపిస్తుంది, ఫోను దాన్ని అంకెగా చూపిస్తుంది. దాన్నే త్వరణం అంటాం.

ఆ అంకెలు చూడాలంటే ఫైఫాక్స్ అని ఒక యాప్ ఉంది. జర్మనీలో ఆకెన్ నగరంలోని విశ్వవిద్యాలయం వారు పిల్లల చేత భౌతికశాస్త్ర ప్రయోగాలు చేయించడానికి తయారుచేసి 2016లో విడుదల చేశారు. డబ్బు కట్టక్కర్లేదు. ఇంటర్ చదివే మా మనవడు నా ఫోనులో వేసిపెట్టాడు. బల్ల మీద కదలకుండా పెట్టిన ఫోను 9.8 అని చూపించింది. "ఇది చెడిపోయిందిరా, కదలకపోతే సున్నా చూపాలి కదా" అన్నాను. వాడు నవ్వి, "తాతయ్యా, భూమి కిందికి లాగుతుంటే బల్ల పైకి మోస్తోంది. ఆ మోతే 9.8" అన్నాడు. నిజమే. కిరాణా కొట్లో స్ప్రింగు త్రాసుకు వేలాడే గుండు కూడా కదలకుండానే బరువు చూపుతుంది కదా.

ఆ మీదట నేను ఊరుకోలేదు. మా అపార్ట్‌మెంటు లిఫ్టులో పట్టుకెళ్ళాను. కదిలేటప్పుడు 10.6 దాకా పోయింది, తర్వాత పైకి పోతున్నంతసేపూ మళ్ళీ 9.8. ఎంత వేగంగా పోతున్నామన్నది దానికి పట్టదు, వేగం మారినప్పుడే పట్టుకుంటుంది. ఖమ్మం నుంచి విజయవాడ వెళ్ళేటప్పుడు బండిలో నేల మీద పెట్టి కూర్చున్నాను. వెల్డింగు చేసిన పొడవాటి పట్టాల మీద గీత సన్నగా వణికింది, స్టేషను యార్డులో పాయింట్లు దాటగానే ముళ్ళకంపలా లేచింది. ఎదురు సీటు అమ్మాయి నన్ను అనుమానంగా చూసింది. నా వీపు, ఫోను ఒకే మాట చెప్పాయని నాకు మాత్రం సంతోషం. 2024 డిసెంబరు 4న పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గూగుల్ సంస్థ 2023లో మన దేశంలో మొదలుపెట్టిన భూకంప హెచ్చరిక ఏర్పాటు ఈ చిప్పుల మీదే నడుస్తుంది. చార్జింగుకు పెట్టి కదలకుండా ఉన్న ఫోనులు ఒక ప్రాంతమంతా ఒకేసారి వణికితే దానికి సంకేతం అందుతుంది.

అసలు సంగతికి వస్తాను. కింద పడుతున్నంతసేపూ ఫోను సున్నా చూపిస్తుందని మనవడు చెప్పాడు. పడేటప్పుడు మోసేవాడు ఉండడు కదా. చూపించమన్నాను. బండల మీద పడేస్తే పన్నెండు వేలు పోతాయి గనక, మా పడకగదిలోకి వెళ్ళి పరుపు మీద పడేస్తూ చూపించాడు. తర్వాత వాడికి తోచక అదే యాప్‌లో అయస్కాంత క్షేత్రం అన్న అర తెరిచాడు. ఫోనులో దిక్సూచి పనిచేయడానికి ఇంకో చిప్పు ఉంటుంది. దానికి కొలత మైక్రోటెస్లా. మన ప్రాంతంలో భూమి అయస్కాంతం 40కి కాస్త పైన చూపిస్తుంది. ఇనప బీరువా దగ్గర అది అరవయ్యో డెబ్భయ్యో కావచ్చు. ఫోను దిక్సూచితో ఇంటికి వాస్తు చూసేవారు ఈ ముక్క గమనించాలి. అలాంటిది మా పరుపు మీద ఫోను పెడితే 1400 చూపించింది. జానెడు జరిపితే 60. మరో జానెడు జరిపితే మళ్ళీ 1400.

"తాతయ్యా, ఈ పరుపులో ఏముంది?" అన్నాడు వాడు. నాకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

2005లో, నేను రిటైరైన ఏడాది, ఒక కంపెనీవారు పొద్దున నడకకు వెళ్ళే పార్కులో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. మోకాళ్ళ నొప్పులకు అయస్కాంత పరుపు దివ్యౌషధమన్నారు. గ్రాట్యుటీ డబ్బులోంచి పద్ధెనిమిది వేలు పోసి మా ఆవిడ కోసం కొన్నాను. మోకాళ్ళ నొప్పి ఏమీ తగ్గలేదు. వాపసు ఇద్దామంటే ఆ మనుషులు మళ్ళీ కనపడలేదు. పలచటి పరుపు, అసలు పరుపు పైన వేసి దుప్పటి పరిచేశాం. అందులో అయస్కాంతాలున్న సంగతి కాలక్రమంలో ఇద్దరమూ మరిచిపోయాం. 2021లో మా ఆవిడకు పేస్‌మేకర్ అమర్చారు. డిశ్చార్జి కాగితంలో 'అయస్కాంతాలు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచవలెను' అని స్పష్టంగా ఉంది. అది చదివి నేను ఆమె చేతిసంచీకి ఉన్న అయస్కాంతం గుండీ కోసి పారేశాను, ఫోను మెడలో వేసుకోవద్దన్నాను. రాత్రి మాత్రం ఆమె ఆ పరుపు మీదే, ఎడమవైపు ఒత్తిగిలి పడుకునేది.

మర్నాడే డాక్టరుగారి దగ్గరకు పరుగెత్తాం. పేస్‌మేకర్లలో ఎక్కువ వాటికి దగ్గరగా అయస్కాంతం వస్తే, సుమారు 1000 మైక్రోటెస్లా దాటితే, అవి గుండె చప్పుడు వినడం మానేసి ఒకే లెక్కన కొట్టడం మొదలుపెడతాయట. అయస్కాంతం తీసేస్తే మళ్ళీ మామూలే. పరీక్షల్లో, ఆపరేషన్లలో డాక్టర్లే కావాలని ఆ పని చేస్తారు. కానీ షాకు ఇచ్చి గుండెను కాపాడే ఐ.సి.డి. అనే పరికరం ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ. అయస్కాంతం దగ్గరున్నంతసేపూ అది షాకు ఇవ్వడం మానేయవచ్చు. మా ఆవిడ పరికరాన్ని పరీక్షించి బాగానే ఉందన్నారు. "రాత్రిళ్ళు అప్పుడప్పుడు దడగా ఉండేదండీ, మీరు కంగారుపడతారని చెప్పలేదు" అని ఆమె అక్కడ బయటపెట్టింది. అది పరుపు వల్లేనా అంటే డాక్టరుగారు ఏమీ తేల్చలేదు, నేనూ తేల్చను. పరుపు మాత్రం ఆ సాయంత్రమే మేడ మీదికి పోయింది.

పరుపు కుట్లు విప్పి ఒక అయస్కాంతం తీసి కొలిచాను. భూమి వాటా తీసేస్తే 5 సెంటీమీటర్ల దూరంలో 320, 10 దగ్గర 40, 15 దగ్గర 12. దూరం రెట్టింపయితే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆ 15 సెంటీమీటర్ల అంకె ఎందుకు పెట్టారో నాకు అప్పుడు అర్థమైంది. 2021లో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ కూడా సెల్‌ఫోనులు, చేతి గడియారాల విషయంలో ఇదే ఆరంగుళాల దూరం చెప్పింది. ఫోను వెనక గుండ్రంగా అయస్కాంతపు చుట్టు ఉండే కొత్త రకాలు, అయస్కాంతంతో మూసుకునే ఫోను కవర్లు ఎడమ జేబులో పెట్టుకునే అలవాటున్న మిత్రులు దీన్ని దయచేసి గుర్తుంచుకోవాలి.

ఒక జాగ్రత్త. ఫోను చెప్పే అంకె ఉజ్జాయింపే. కొన్ని చవక ఫోనుల్లో ఈ చిప్పు ఉండదు. ఉన్నా అది ఫోను మధ్యలో ఉండదు, ఎక్కువగా పై అంచు దగ్గర ఉంటుంది. ఒక చీరపిన్ను మెల్లగా జరుపుతూ అంకె ఎక్కడ ఎగురుతుందో చూస్తే దాని చోటు తెలుస్తుంది. బలమైన అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్ళాక ఫోనును గాలిలో ఎనిమిది అంకెలా తిప్పితే మళ్ళీ దారికొస్తుంది. అంకె తక్కువ వచ్చింది గదా అని ఫర్వాలేదనుకోకూడదు. ఎక్కువ వస్తే మాత్రం డాక్టరుగారిని అడగాలి.

నా పావుగంట దాటిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. టీ విరామంలో నేను, మనవడు ఆ మూల బల్ల దగ్గర ఉంటాం. మీ ఫోనుల్లో యాప్ వేసిపెడతాడు. మెడలో, చేతికి అయస్కాంతపు దండలు, కడియాలు ఉన్నవారు తెచ్చి కొలిపించుకోవచ్చు. పరుపులోంచి తీసిన అయస్కాంతం కూడా అక్కడే పెట్టాను. పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం దయచేసి రెండు బారల దూరంలో నిలబడి చూడండి, అంకెలు నేనే పైకి చదువుతాను.