కెప్లర్ తల్లిపై మంత్రగత్తె నేరం

గ్రహాలు దీర్ఘవృత్తాల్లో సూర్యుడి చుట్టూ తిరుగుతాయని చెప్పిన యోహానెస్ కెప్లర్ పేరు ఇక్కడున్న పిల్లలందరికీ తెలుసు. ఆయన తల్లి కతరీనా ముసలితనంలో 14 నెలలు గొలుసులతో జైల్లో మగ్గిన సంగతి మాత్రం పాఠ్యపుస్తకాల్లో ఉండదు. ఆమె మీద మోపిన నేరం మంత్రవిద్య.

ఇలాంటి విచారణలు మధ్యయుగాల అజ్ఞానమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. యూరప్‌లో ఇవి పెచ్చరిల్లింది 1560 నుంచి 1630 దాకా. అంటే గెలీలియో దుర్భిణితో ఆకాశాన్ని చూసిన రోజుల్లోనే. ఈ నేరం కింద మొత్తం 40 వేల నుంచి 50 వేల మందిని చంపారని చరిత్రకారుల అంచనా. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు.

కతరీనాది జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర లెయోన్‌బర్గ్ అనే చిన్న పట్టణం. కిరాయి సైనికుడైన భర్త 1589లో ఇల్లు విడిచి వెళ్లి మళ్లీ రాలేదు. ఆమె పిల్లల్ని పెంచింది, అడిగినవాళ్లకు ఆకులూ మూలికలతో మందులిచ్చింది. 1577లో తోకచుక్క కనబడితే కొడుకును ఎత్తైన చోటికి తీసుకెళ్లి చూపించింది. అప్పటికి యోహానెస్‌కు ఇంకా ఆరేళ్లు నిండలేదు.

1615లో అదే ఊరి ఉర్సులా రైన్‌బోల్డ్ అనే ఆమె, కతరీనా ఇచ్చిన చేదు పానీయం తాగాకే తనకు జబ్బు చేసిందని చెప్పింది. ఆ రెండు కుటుంబాలకూ అప్పటికే పడదు. ఊరి అధికారి ఐన్‌హార్న్ ఉర్సులా పక్షం వహించాడు. ఇక ఊరంతా పాత సంగతులు తవ్వుకోవడం మొదలైంది. బడిపంతులుకు కాలు పడిపోయింది కతరీనా ఇచ్చిన పానీయంతోనే అన్నారు. దారిలో ఆమె ఒరుసుకుంటూ వెళ్లగానే ఇటుకలు మోస్తున్న పిల్ల చెయ్యి లాగేసిందన్నారు. తండ్రి పుర్రె తవ్వి ఇమ్మని కాటికాపరిని అడిగిన మాట మాత్రం కతరీనా ఒప్పుకుంది. దానికి వెండి తొడిగించి కొడుక్కి పానపాత్రగా ఇవ్వాలని ఆమె ఉద్దేశం. పూర్వులు అలా చేసేవారని చర్చి ప్రసంగంలో విన్నదట.

1620 ఆగస్టులో తెల్లవారకముందే, కూతురి ఇంట్లో ఉన్న ఆమెను పట్టుకుని పెట్టెలో పెట్టి మోసుకుపోయారు. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. కన్నీళ్లు రాకపోవడం మంత్రగత్తె లక్షణమని ఆనాటి నమ్మకం. ఎందుకు ఏడవడం లేదని అడిగితే, జీవితమంతా ఏడ్చి ఏడ్చి ఇక కన్నీళ్లు మిగల్లేదని ఆమె చెప్పింది. ఈ ఒక్క జవాబు చాలు, ఆ విచారణ ఎంత క్రూరమైనదో తెలియడానికి.

చక్రవర్తి ఆస్థాన గణితవేత్త అయిన కెప్లర్ లింట్స్‌లో పని ఆపేసి తల్లి కోసం వచ్చాడు. సాక్షులు చెప్పిన ఒక్కొక్క మాటనూ పట్టుకుని, ఏది ముందు జరిగింది, ఏది తర్వాత అని వరసపెట్టాడు. బడిపంతులు కాలు కుంటుపడింది గుంట దూకబోయినప్పుడు. పిల్ల చెయ్యి తిమ్మిరెక్కింది మోతబరువుకి. ఉర్సులాకు అంతకుముందే జబ్బుంది, దానికి ఘాటైన మందులూ వాడింది. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఈ కథల్లో చాలావాటికి మంత్రం రంగు పడింది 1615లో పుకారు పుట్టిన తర్వాతే.

గమనించాల్సిందేమిటంటే, మంత్రగత్తెలు లేరని కెప్లర్ ఎక్కడా వాదించలేదు. ఆ నమ్మకం ఆయనకూ ఉంది. తన తల్లి మంత్రగత్తె కాదనే రుజువు చేశాడు. ఆ కాలంలో ప్రాణం నిలబెట్టింది ఆ వాదనే.

కేసు ట్యూబింగెన్ న్యాయపండితుల దగ్గరికి వెళ్లింది. చిత్రహింసకు సాక్ష్యం చాలదు, వదిలెయ్యడానికీ మనసొప్పలేదు. చిత్రహింస పనిముట్లు చూపించి భయపెట్టమన్నారు. 1621 సెప్టెంబరు 28న ఆమెను తలారి ముందు నిలబెట్టారు. ఒంట్లో నరాలు ఒక్కొక్కటే పీకినా ఒప్పుకోవడానికి తన దగ్గర ఏమీ లేదని చెప్పి, మోకరిల్లి ప్రార్థన చేసింది. అక్టోబరులో వదిలేశారు. ఆర్నెల్లకే, 1622 ఏప్రిల్‌లో చనిపోయింది.

కెప్లర్‌కు ఇంకో బాధ మిగిలింది. చంద్రుడి మీదికి ప్రయాణం గురించి ఆయన రాసిన సోమ్నియం కథలో, కథకుడి తల్లి మూలికలమ్ముతూ భూతాన్ని పిలుస్తుంది. ఆ రాతప్రతి చేతులు మారి తల్లి మీద అనుమానానికి ఆజ్యం పోసిందేమోనని ఆయన భయం. అది ఆయన పోయాక 1634లో అచ్చయింది.

చేతబడి, బాణామతి, చిల్లంగి అనే మాటలు మనకు కొత్తవి కావు. ఆ అనుమానంతో మనుషుల పళ్లూడగొట్టిన ఘటనలు, సజీవంగా తగలబెట్టిన ఘటనలు మన పల్లెల్లోనూ జరిగాయి. మీ వీధిలో ఎవరి మీదైనా అలాంటి మాట పుడితే, కెప్లర్ అడిగిన ప్రశ్నే అడగండి: జబ్బు ముందొచ్చిందా, పుకారు ముందొచ్చిందా? జబ్బుపడ్డవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లండి. నిందపడ్డ మనిషి గుమ్మం ముందు గుంపు చేరకముందే పోలీసులకు చెప్పండి.