అడుగుల నీడ



వేసవి వచ్చినదనిన మన పడమటి కర్నూలు సీమలో మొదట మాటాడుకొనునది యెండనుగూర్చియే. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో తుంగభద్ర యొడ్డున నున్న గ్రామములు కొన్ని తప్ప, తక్కినది చాలవఱకు మెట్టభూమి. నల్లరేగడి బయళ్లలో చెట్టునకు చెట్టునకు నడుమ చాల దూరము. అట్టి బయటిలో పనిచేయువానికి నీడ యనునది సుఖముకొఱకు కోరునది కాదు, ప్రాణముతో ముడివడినది. 2015వ సంవత్సరపు వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశముననే వడదెబ్బచే మరణించినవారు 1,300 మందికి పైబడిరని ప్రభుత్వము లెక్కించినది. వారిలో వృద్ధులును, కూలిపని చేయువారును హెచ్చు. కావున ఎండనుండి చర్మమును, దేహమును కాపాడుకొనుట యెట్లో, అందు గ్రామపెద్దల చేతిలో నున్న పని యేదో నేడు మనవి చేసెదను.

సూర్యుని నిందించుట నా యుద్దేశము కాదు. ఆరోగ్యమును భాస్కరునివలన కోరుమని పెద్దలు చెప్పిరి. ఎముకలకు బలమునిచ్చు 'డి' విటమిను సూర్యకిరణములు సోకినప్పుడు మన చర్మమునందే పుట్టునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. అయినను వాగ్భటుని అష్టాంగహృదయములో ఋతుచర్యను చెప్పునపుడు, గ్రీష్మమున దేహశ్రమమును, సూర్యకిరణములను విడువవలెనని విధించిరి. ఈ రెండు మాటలకును విరోధము లేదు. అన్నము ప్రాణము నిలుపును. మితి తప్పినచో రోగము తెచ్చును. ఎండయు నట్టిదే. దాని మితిని తెలిసికొనుటయే మనకు కావలసినది.

మితిని తెలియుటకు ముందు ఎండయం దేమున్నదో తెలియవలెను. సూర్యుని వెలుతురును గాజుపట్టకముగుండ పంపినచో ఎఱుపు మొదలు ఊదావఱకు రంగుల వరుస కనబడును. 1800వ సంవత్సరమున విలియం హెర్షెల్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ వరుసలో ఎఱుపునకు ఆవల, రంగేమియు కనబడని చోట ఉష్ణమాపకము నుంచి చూడగా, అచ్చట వేడి హెచ్చుగా నుండెను. మఱుసటి యేట, అనగా 1801లో, రిట్టర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఊదాకు ఆవల, కంటికి కనబడని చోట వెండిలవణము పూసిన కాగితము నుంచగా, అది త్వరగా నల్లబడెను. ఇట్లు ఎండలో కంటికి కనబడని కిరణములు రెండు తెగలు గలవని తేలినది. మొదటివి వేడి కలిగించును. వానిని మనము వెంటనే గుర్తింతుము. రెండవవి అతినీలలోహిత కిరణములు. వీనికి వేడిగాని, వెలుగుగాని మనకు తెలియదు. చర్మమును చెఱచునవి ముఖ్యముగా నివియే. వేడి తెలిసిన శత్రువు. ఇవి తెలియని శత్రువులు. ఒకదానికి చేయు జాగ్రత్త రెండవదానికి చాలదు.

తెలియని శత్రువును కనిపెట్టుట యెట్లు? ఇందుకు మన గ్రామములలో పూర్వము వాడుకలో నున్న కొలతయే యొకటి చాలును. గడియారములు లేని కాలమున మనవారు చదునునేలపై నిలిచి, తమ నీడను తమ యడుగులతో కొలిచి ప్రొద్దు తెలిసికొనెడివారు. జ్యోతిషులు శంకువును నాటి ఛాయను కొలిచెడివారు. మనుష్యుని యెత్తు అతని పాదముతో కొలువగా ఇంచుమించు ఏడు పాదములకు లోపుగా నుండును. కావున నీడ తన యెత్తుకంటె పొడవుగా నున్నంతవఱకు ఆ కనబడని కిరణముల బలము తక్కువ. నీడ తన యెత్తుకంటె పొట్టిదైన క్షణము మొదలు వాని బలము హెచ్చుచుండును. నీడ పాదములక్రిందికి వచ్చునప్పటికి బలము పరాకాష్ఠ నొందును. ఇప్పటి శాస్త్రజ్ఞులును ఈ నీడ కొలతనే సామాన్యజనులకు ఉపదేశించుచున్నారు.

ఈ కొలతను మన కోసిగికి అన్వయించి చూతము. మన సీమ భూమధ్యరేఖకు ఉత్తరముగా దాదాపు పదునాఱు డిగ్రీల దూరమున నున్నది. అందువలన సూర్యుడు సంవత్సరమున రెండుమారులు మన నడినెత్తిమీదికి వచ్చును: ఒకటి మే మొదటి వారమున, రెండవది ఆగష్టు 10వ తేదికి కొంచెము ముందు. ఆ దినములలో మధ్యాహ్నము నిలువుగా నాటిన కఱ్ఱకు నీడయే యుండదు. ఆ మే దినములలో ఉదయము తొమ్మిది దాటినది మొదలు మధ్యాహ్నము మూడు దాటువఱకు మన నీడ మనకంటె పొట్టిగా నుండును.

ఇందు గమనింపవలసిన సంగతులు రెండు గలవు. మొదటిది, ఆగష్టు సంగతి. ఆ దినములు శ్రావణమాసముననో, దానికి సమీపముననో పడును. ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకును, మంత్రాలయమునకును జనులు కాలినడకను తండోపతండములుగా పోవునది ఆ ప్రాంతపు దినములలోనే. మబ్బులు మూగి, గాలి చల్లగా వీచుటచే ఎండ లేదని తలంతురు. వేడి తగ్గినమాట నిజమే. పలుచని మబ్బు మాత్రము ఆ కనబడని కిరణములలో చాల భాగమును ఆపజాలదు. రెండవది, శీతకాలపు సంగతి. ధనుర్మాసములో సైతము మన నీడ పగలు ఇంచుమించు పదునొకండు గంటలు మొదలు రెండు గంటలకు కొంచెము ముందువఱకు మనకంటె పొట్టిగానే యుండును. మన గ్రామములనుండి సుగ్గికని గుంటూరు సీమకు పోయి మిరపకాయలు కోయు ఆడువారు, మగవారు చలికాలమని తల కప్పుకొనక పనిచేయుదురు. వారి ముఖములపైని నల్లమచ్చలకు, కన్నుల మంటలకు ఆ యెండయు నొక కారణము.

ఇక చర్మము మాట. మన దేహపు చాయకు కారణమైన మెలనిన్ అను పదార్థము ఆ కిరణములను కొంతవఱకు ఆపును. అందుచే తెల్లని దేహచ్ఛాయగల జాతులవారికి వచ్చినంతగా ఎండవలని చర్మపు కేన్సరు మనవారికి రాదు. ఇది దేవుడిచ్చిన గొడుగు. కాని ఆ గొడుగునకు చిల్లులు కలవు. ఏండ్లతరబడి ఎండ తగిలిన మెడ, ముంజేతుల చర్మము తోలువలె ముడుతలు పడును. కన్నులకు మెలనిన్ రక్ష చాలదు. శుక్లములు త్వరగా ముదురుటకు, నల్లగ్రుడ్డుమీదికి కండపొర ప్రాకుటకు ఎండ తోడ్పడును. బొల్లిమచ్చలుగలవారికి ఆ మచ్చలున్న చోట ఈ గొడుగే లేదు. అట్టి పిల్లవానిని చూచి నవ్వుట పాపము. నిండుచేతుల చొక్కా తొడిగి పంపుట పుణ్యము. నెలదాటియు మానని పుండుగాని, రంగు మారుచు పెరుగు మచ్చగాని కనబడినచో నాటుపసరులతో కాలము గడపక వైద్యునకు చూపవలెను. తెల్లబడుటకని అంగళ్లలో అమ్ము లేపనములలో కొన్నింట స్టిరాయిడు మందులుండును. అవి చర్మమును పలుచచేసి ఎండకు మఱింత లోకువ చేయును. వానిని వైద్యుని మాట లేక పూయరాదు.

చర్మమునకు ఉత్తమమైన కవచము బట్టయే. ఈ విషయమున మనకు కొదువ లేదు. ఎమ్మిగనూరిలో మాచాని సోమప్పగారు 1938లో నేతపనివారల సహకార సంఘమును స్థాపించి, ఆ యూరి మగ్గములకు దేశమంతట పేరు తెచ్చిరి. 1954లో పద్మశ్రీ బిరుదము నందిరి. అట్టి నూలుబట్ట చెంత నుండగా వేఱు కవచమును వెదుకనేల? అయితే బట్టను పరీక్షించి కట్టవలెను. దీపమున కెదురుగా పట్టినపుడు వెలుతురు ధారాళముగా కనబడినచో ఆ కిరణములును అట్లే చొచ్చుకొనిపోవును. నేత ఒత్తుగాను, రంగు లేతగాను, తొడుగు వదులుగాను ఉండవలెను. ఒత్తు నేత కిరణముల నాపును; లేతరంగు వేడిని త్రిప్పికొట్టును; వదులు తొడుగు చెమటను ఆరనిచ్చును. రుమాలు చుట్టువారు దాని చెఱగును మెడవెనుకకు జారవిడిచినచో మెడయు, చెవులును దాగును. ఆడువారు చెంగును తలమీదికి తెచ్చుకొనుటయు మేలే. గొడుగు పట్టుట సుకుమారతకు గుర్తుకాదు, వివేకమునకు గుర్తు.

ఇంతవఱకు తెలియని శత్రువును గూర్చి చెప్పితిని. తెలిసిన శత్రువైన వేడిని గూర్చి చెప్పవలెను. దీని గడియారము వేఱు. కనబడని కిరణములు నడిమధ్యాహ్నమున ముమ్మరమగును. నేల కాగి, గాలి వేడెక్కుటకు మఱికొంత సమయము పట్టును గనుక వేడి రెండు మొదలు నాలుగు గంటల నడుమ హెచ్చుగా నుండును. అందుచే నీడ సాగుచున్నదని మూడు గంటలకు పొలమునకు బయలుదేరువాడు వేడి నోట పడును. మఱియు రేడియోలో చెప్పు డిగ్రీలు నీడలో, గాలి యాడు పెట్టెలో ఉంచిన ఉష్ణమాపకపు డిగ్రీలు. నలువదిరెండనిన, ఎండలో వంగి పనిచేయువానికి అంతకంటె నెక్కువ తాపమే యని యెఱుగవలెను.

మన దేహము చెమటను ఆర్చుకొని చల్లబడును. నీరు తఱిగినచో చెమట తఱుగును. చెమట తఱిగినచో లోని వేడి పెరుగును. అది నలువది డిగ్రీలు దాటి, మనుష్యుడు తడబడి మాటాడుటయో, సొమ్మసిల్లుటయో జరిగినచో అదియే వడదెబ్బ. దప్పిక కొఱకు కాచుకొనక మాటిమాటికి నీరు త్రావవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, అంబలి మనవారి యమృతములు. మిక్కిలి నీరసించినవానికి, లీటరు మంచినీటిలో ఆఱు చిన్నచెంచాల చక్కెరయు, అరచెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. చెంచాలు తలకొట్టి కొలువవలెను. మధుమేహము, రక్తపుపోటు, మూత్రపిండముల జబ్బు గలవారు తమ వైద్యుని ముందే యడిగి యుంచుకొనవలెను. వృద్ధులకు దప్పిక మందగించును, చెమటయు తగ్గును. కావున అడుగకున్నను వారిచే త్రాగింపవలెను. జేబులో ఉల్లిగడ్డ యుంచుకొన్నచో వడ తగులదనుట నమ్మదగినది కాదు.

వడదెబ్బ తగిలినవానిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒడలంతయు నీటితో తడిపి, విసరుచుండవలెను. స్మృతి లేనివాని నోట నీరు పోయరాదు, ఊపిరికి అడ్డుపడును. ఒకడు తడుపుచుండగనే మఱియొకడు 108కి కబురు చేయవలెను. బండి వచ్చువఱకు చేతులు కట్టుకొని కూర్చుండుట ప్రమాదము. చల్లార్చుటయే ముఖ్యచికిత్స.

ఇపుడు పెద్దలకు మనవి. పైని చెప్పిన జాగ్రత్తలలో చాలభాగము ఎవరికివారు చేసికొనగలరు. పనివేళ మాత్రము కూలివాని చేతిలో లేదు. పదునొకండు గంటలకు నీడకు పొమ్మని వానికి చెప్పుట సులభము. పోయినచో కూలి తగ్గునను భయము వానిని ఎండలోనే నిలుపును. మన రాయలసీమనుండి ఎందఱో పనికై పోవు కువైటు దేశములో జూను మొదలు ఆగష్టు చివఱవఱకు పగలు పదునొకండు గంటలు మొదలు నాలుగు గంటలవఱకు బయలుపని చేయించుట నిషిద్ధము. పరాయిదేశమున మన బిడ్డలకు చట్టము ఇచ్చు నీడను మన యూర మనమే యీయలేమా? తెల్లవాఱుజామున పని మొదలిడి, పదునొకండు గంటలకు ముగించి, కూలి తగ్గింపకుండుటకు ఊరివారందఱు రచ్చకట్టమీద ఒక్కమాటపై నిలిచినచో ఏ రైతును నష్టపోడు. చల్లని వేళ జరుగు పని, ఎండలో తూలుచు జరుగు పనికంటె మిన్న. నగరమున నీడపట్టున పనిచేసి వేసవికి ఊరు చేరిన యువకులకు ఎండ వాడుకపడుటకు వారము రెండు వారములు పట్టును. వారికి మొదటి దినములలో పని తక్కువగా నీయవలెను.

మఱి రెండు మాటలు. వేసవిలో పిల్లలకు ఒంటిపూట బడులు పెట్టుట మంచిదే. అయితే బడి విడుచునది నీడ పాదములక్రింద నున్న వేళనే. అప్పుడు వారు తలకు గుడ్డతో, త్రోవలో చెట్లనీడను, చలివేంద్రమును గలిగి యిల్లు చేరునట్లు చూడవలెను. కొడుకులు కోడండ్రు సుగ్గికి పోగా ఒంటిగా మిగిలిన ముసలివారు అనేకులు గలరు. పాత మట్టిమిద్దెలు చల్లగా నుండెడివి. ఇప్పటి రేకుల యిండ్లు పెనమువలె కాగును. రేకులపై సున్నము పూసినచో వేడి కొంత తగ్గును. మధ్యాహ్నమున వారిని వేపచెట్టు క్రిందికో, దేవళపు మండపమునకో చేర్చి, ఇంత మజ్జిగ పోయించుట పొరుగువారి ధర్మము.

వేపయు, కానుగయు, చింతయు నాటినవాడు ఆ నీడను తాను అనుభవింపక పోవచ్చును. తాత నాటిన చెట్టుక్రింద మనము కూర్చుంటిమి గదా! చెట్టు పెరుగువఱకు పనివేళ మార్చుటయే మన మీయగల నీడ. ఈ వేసవిలో రచ్చకట్టమీద ఆ మాట నెత్తుడని పెద్దలను వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.