పోడు భూమి పటం చేతికొచ్చినప్పుడు చూడవలసినవి
(సీతమ్మధార సభలో చేసిన ప్రసంగ పాఠం)

థింసా చప్పట్లు ఆగకముందే లెక్కల పాఠానికి లేచాం, ఏమనుకోకండి. హాస్టల్ వార్డెన్లం, బి.ఎడ్. చదివినవాళ్లం, మైకు దొరికితే పాఠమే వస్తుంది.

పిల్లల్ని చూడ్డానికి మా హాస్టళ్లకు వచ్చే తండ్రులు ఒక్కోసారి సంచిలోంచి కాగితం తీస్తారు. అటవీ హక్కుల పట్టా దరఖాస్తు మీద ‘ఉపగ్రహ చిత్రంలో సాగు కనబడలేదు’ అని రాసి, రంగు పటం ఒకటి జతచేసి ఉంటుంది. ఆ పటం చూడగానే మనవాళ్లకు మాట పడిపోతుంది. ఆకాశంలోంచి తీసిన బొమ్మకు అబద్ధమెందుకు అనుకుంటారు. అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ బొమ్మ ఎంత చిన్నదాన్ని చూడగలదో ముందు అడగాలి.

బొమ్మంతా గళ్లు. ఒక్కో గడి ఒక పిక్సెల్, దానికి ఒక్కటే రంగు. 2003లో ఇస్రో పంపిన రిసోర్స్‌శాట్‌-1లో లిస్‌-3 కెమెరా గడి 23.5 మీటర్లు. నేల మీద దాదాపు 552 చదరపు మీటర్లు, అంటే 13 సెంట్ల పైమాటే. మా పిల్లలు ఆడే వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. అలాంటివి మూడు కలిపినా ఒక గడి నిండదు. అరెకరం చోళ్ల చేను నాలుగు గళ్లకు చాలదు. అంచు గళ్లలో చేనూ చెట్లూ కలిసిపోయి చెట్ల రంగే తేలొచ్చు. అదే ఉపగ్రహంలో లిస్‌-4 గడి 5.8 మీటర్లు, సెంటు కంటే తక్కువ. 2005 మేలో వెళ్లిన కార్టోశాట్‌-1ది 2.5 మీటర్లు. ఏ కెమెరా బొమ్మో పటం మీద రాసి ఉండాలి. లేకపోతే అడగండి.

ఫోన్లో రెండు వేళ్లతో పెద్దది చేస్తే కొత్తగా ఏమీ కనబడదు, గళ్లే పెద్దవవుతాయి. ఇక స్కేలు. 1:50,000 అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 500 మీటర్లు. మిల్లీమీటరు మందం గీత 50 మీటర్లు మింగేస్తుంది. ఏ4 కాగితం మీద కుదించి ప్రింటు తీస్తే ఆ అంకె చెల్లదు. మూలనుండే గీత స్కేలు మాత్రం పటంతో పాటే కుదించుకుంటుంది, దాన్నే నమ్మండి. భువన్‌లో, గూగుల్ ఎర్త్‌లో దూరం కొలిచే వీలుంది. టేపుతో కొలిచిన బడి ప్రహరీని అందులోనూ కొలిచి చూడండి. మా తొమ్మిదో తరగతి పిల్లలు పది నిమిషాల్లో చేస్తారు.

చట్టం అడిగేది 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి మీ చేతిలో ఉందా అని. నిరుటి బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా అది జవాబు కాదు. పోడు బీడుగా వదిలిన ఏడాది తీసిన బొమ్మలోనూ చేను కనబడదు. పాడేరు వైపు కాఫీది మరీ చిక్కు. సిల్వర్ ఓక్ నీడన ఉన్న తోట పైనుంచి చూస్తే అడవే, గడి ఎంత చిన్నదైనా సరే.

అందుకే 2012 సవరణ నిబంధనల్లో, ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడే తప్ప వాటికి బదులు కాదని రాశారు. ఊరి పెద్దల మాట రాతలో పెడితే అదీ సాక్ష్యమే. మీరు వేసిన గట్లు, చదును చేసిన నేల కూడా. సబ్‌ డివిజన్ కమిటీ కాదంటే జిల్లా కమిటీకి వెళ్లడానికి 60 రోజులే గడువు. సంత, పండగ అని ఆగకండి.

భోజనాలయ్యాక వెనక వరండాలో ల్యాప్‌టాప్‌తో కూర్చుంటాం. పటం ఉన్నవాళ్లు తీసుకురండి. కెమెరా పేరు, తేదీ ఉన్నాయో లేవో కలిసి చూద్దాం.