పదిహేడో రూలు అడుగుదాం
(దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎమ్మెల్యే ఇంటికి మనం ఎందుకు పోతాం? పెళ్లి కార్డు ఇవ్వడానికో, ఆస్పత్రి ఖర్చుకు సిఫారసు చీటీ కోసమో. చెప్పులు వాకిట్లో విడిచి గంటలకొద్దీ నిలబడతాం. పోవద్దని మేం అనం, కష్టం వచ్చినోడు పోతాడు. కాని అది దయ అడగడం. ఇవాళ మేం మాట్లాడేది లెక్క అడగడం గురించి.

1985లో కారంచేడు జరిగింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. అయినా 1991లో చుండూరు జరిగింది. చట్టం కాగితం మీద ఉంటే మన నెత్తురు ఆగదని అప్పుడే తేలిపోయింది. 1995లో దానికి రూల్సు రాశారు. వాటిలో 17వ రూలు మన వాడల్లో చాలామందికి తెలియదు. తెలియనివ్వలేదు కూడా.

ఆ రూలు ప్రకారం ప్రతి జిల్లాలో ఒక విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి. కలెక్టరు అధ్యక్షుడు. ఎస్పీ సభ్యుడు. ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలు కూడా సభ్యులే. ఎవరో దయతలచి వేసిన సభ్యులు కాదు, గెలిచినందుకు సభ్యులు. కనీసం మూడు నెలలకొకసారి కూచుని కేసులు ఎందాకా వచ్చాయి, బాధితులకు పరిహారం అందిందా, ఏ అధికారి ఏం చేశాడు అని చూడాలి. మరి మీ ఎమ్మెల్యే ఆ మీటింగుకి ఎన్నిసార్లు పోయాడు? మీలో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

"రిజర్వుడు సీట్లో మనోడే గెలిచాడు గదా" అంటారు. ఆంధ్రాలో 175కి 29, తెలంగాణలో 119కి 19 ఎస్సీ సీట్లు. కాని 1932 పూనా ఒప్పందంతో ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. మనోడు కూడా ఊరి ఓట్లతోనే గెలవాలి. అందుకే ఊరి పెద్ద ఫోను చేస్తే ఎత్తుతాడు, మనం చేస్తే "సారు మీటింగులో ఉన్నారు." తిట్టుకుని ఏం లాభం? వాళ్ల ఒత్తిడి ఆయన మీద రోజూ ఉంది. మనది ఏదీ? జనరల్ సీటాయన సంగతీ అంతే, వాడకొచ్చి ఓటడిగినోడే గదా.

ఒక తెల్లకాగితం చాలు. కమిటీ చివరిసారి ఏ తేదీన కూచుంది, మీరు వెళ్లారా, మా ఊరి కేసులో అరవై రోజుల్లో వేయాల్సిన ఛార్జిషీటు వేశారా, పరిహారం వచ్చిందా. ఎఫ్ఐఆర్ నంబరు తప్పక రాయండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, నకలు కలెక్టరుకు పంపండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద ఆ మీటింగు మినిట్స్ అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి.

ఒక్కరే సంతకం పెడితే రేపు కూలికి పిలవరు, మాకు తెలుసు. అందుకని సంతకాలు గుండ్రంగా పెట్టండి. మొదటి పేరు ఎవరిదో కనిపించదు. వేలిముద్రా సంతకమే. మాలపల్లె, మాదిగపల్లె ఒకే కాగితం మీద పెట్టాలి. వర్గీకరణ మీద మనలో తగువుంది, ఉండనీయండి. దెబ్బలు తిన్నోడి కేసుకి ఆ తగువుతో పనేముంది?

పంతుళ్లకి ఈ మాటలెందుకని వెనక ఎవరో గొణుగుతున్నారు. బళ్లో పిల్లలకి లీవు లెటరు రాయడం నేర్పేది మేమే. ఎమ్మెల్యేకి రాసే ఉత్తరం అంతకన్నా పెద్దదేం కాదు.

కాగితాలు, పెన్నులు, స్టాంపు ప్యాడు తెచ్చాం. ఎఫ్ఐఆర్ కాపీలున్నవాళ్లు ముందుకి రండి, ఆ వేపచెట్టు కింద కూచుని రాద్దాం.